నిప్పు చూడని కత్తి

మా అత్తగారి కుడిచేతికి ఏమవుతుందోనని నేను భయపడుతూ బతికిన సంవత్సరం ఒకటుంది. తొంభైల చివరి మాట. కడియం దాటి గోదావరి గట్టువైపు వెళ్తే వచ్చే ఊళ్ళలో మాదొకటి. గట్టుకి ఇవతల నర్సరీలు, అవతల నది మధ్య లంకల్లో అరటి. నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని.

అత్తగారిది చల్లని చెయ్యి అని, ఆవిడ నాటింది బతికి పండుతుందని ఊళ్ళో పేరు. అరటి పిలకని గోతిలో పెట్టేముందు దాని దుంపని చెక్కాలి. పాత వేళ్ళూ నల్లబడ్డ పైపొరా తీసేసి, తెల్లటి కండ కనిపించేదాకా కత్తితో చెక్కుతారు. అది కూలీల పని. కానీ మా ఊళ్ళో ఎవరు కొత్తతోట వేసినా మొదటి గంపెడు పిలకలు మా అత్తగారు చెక్కాల్సిందే, మొదటి పిలక ఆవిడ చేత్తో పాతాల్సిందే. రైతు భార్య ముందురోజే వచ్చి బొట్టు పెట్టి పిలిచేది. ఈవిడ తలంటుకుని, దేవుడి గూట్లోంచి తన కత్తి తీసుకుని బయల్దేరేది.

ఆ కత్తిని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. వంపు తిరిగి, పిడి అరిగిపోయి ఉండేది. పని అవగానే అరటాకు ముక్కతో తుడిచి, పసుపు రాసి, పాత చీరపేలికలో చుట్టి గూట్లో పెట్టేది. దానికి నీళ్ళు తగలనిచ్చేది కాదు. నిప్పు అసలు చూపించకూడదు. కమ్మరి కొలిమికి పంపకుండా సానరాయి మీద తనే నూరుకునేది. నిప్పు తగిలితే కత్తిలో చలవ పోతుందని, కత్తిలో పోతే చేతిలోనూ పోతుందని ఆవిడ నమ్మకం. ఊరిదీ అదే నమ్మకం.

మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచి వాదసభలకి వెంటబెట్టుకుని తిరిగిన మనిషి. దేవుడున్నాడా లేడా, జాతకం నిజమా కాదా అని పెట్రోమాక్స్ వెలుగులో పెద్దవాళ్ళు గొంతులు పోయేలా వాదించుకుంటుంటే ఆయన ఒళ్ళో కూర్చుని విన్నాను. అలాంటిదాన్ని ఈ చల్లని చెయ్యి కథ విని ఊరుకుంటానా?

"అత్తయ్యా, మీకు జ్వరమొస్తే ఊళ్ళో తోటలన్నీ వాడిపోవాలి కదా మరి" అన్నాను పెళ్ళైన కొత్తలో.

ఆవిడ కంద ముక్కలు తరుగుతూ తలెత్తకుండా అంది. "నీకు వాదన నేర్పిన చెయ్యెవరిదో గానీ అమ్మాయ్, అది మాత్రం మహా వేడి చెయ్యి."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ విషయం ఎత్తలేదు. ఆవిడ్ని నలుగురూ గౌరవంగా పిలుస్తున్నారు, పోనీలే అనుకున్నాను.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. తోటలు వేసిన కొన్ని వారాలకి మా బావగారు, అంటే మావారి పెదనాన్న కొడుకు, మా అరుగు మీదికొచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి. ఆరోజూ అలాగే మొదలుపెట్టారు.

"పిన్నిగారూ, మా తోట పడుకుంటోందండి. నిలబడమంటే వింటేనా. అచ్చం మా పెద్దోడే."

అత్తగారూ నేనూ ఆయన వెంట వెళ్ళి చూశాం. మొక్కలు మోకాలెత్తు దాటాయి. కొన్నింటి ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. బావగారు ఒకదాన్ని కాలితో తోశారు. అది చప్పుడు లేకుండా పక్కకి ఒరిగింది. విరగలేదు, ఊడింది. మొక్క చేతికొచ్చింది, దుంప మట్టిలోనే ఉండిపోయింది. ఆయన దుంపని పెళ్ళగించి కొయ్యగానే కంపు. కాలవపక్కన కొబ్బరి డొక్కలు నానేసిన గుంటని కర్రతో కెలికితే వచ్చే కంపు. లోపల కండ గోధుమరంగులో గుజ్జుగుజ్జుగా ఉంది. వేలు పెడితే దిగిపోతోంది.

ఆయన ఇంకొకదాన్ని తోశారు. అదీ పడింది. ఆ వరసలో ఇంకొన్నింటిని తోసి ఆగిపోయారు. పరాచికం ఆగిపోయింది.

తర్వాత ఇంకో తోట. ఆ పైన గట్టుకింద ఇంకొకటి. ఆఖరికి లంకలో మా తోట. ఈ తోటలన్నిటికీ మొదటి పిలక ఎవరు పాతారో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

ఎవరూ ఏమీ అనలేదు. నాకు భయం పుట్టించింది ఆ అనకపోవడమే. మా వైపు మనుషులు పట్టరాని కోపంలో కూడా 'అండి' అనడం మానరు. బస్సు కోసం నిలబడితే పక్కింటావిడ అడిగింది.

"మీ అత్తగారికి ఒంట్లో బాగుంటోందాండి?"

"బాగానే ఉందండి."

"అబ్బే, ఊరికే అడిగానండి. ఏమీ అనుకోకండి."

అంటూనే చంకలో పిల్లాణ్ణి నాకు అటువైపు చంకలోకి మార్చుకుంది. ఆవిడకి తెలియకుండానే జరిగిందది. నేను చూశాను.

మావారు అరటి బేరానికి వెళ్తే టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి. మా అత్తగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లోపల పనులు గుర్తుకొచ్చినట్టు లేచేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే గేటు తీస్తే మెట్టు మీద కుళ్ళిన అరటి దుంప, దాని మీద కుంకుమ. నేను దాన్ని పార తెచ్చేదాకా కూడా ఆగకుండా చేత్తోనే తీసి పెంటలో పడేసి, ఆవిడ చూడకముందే మెట్టు కడిగాను. ఎగువ ఊరొకదాంట్లో చేతబడి చేసిందని ఒకామె పళ్ళు ఊడగొట్టారట అని అంతకు కొద్దిరోజుల ముందే బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. నిజమో కాదో నాకు తెలీదు. చెప్పినవాళ్ళ గొంతులో ఆశ్చర్యం లేదు.

హస్తవాసి, చేతబడి. రెండు మాటల్లోనూ చెయ్యే ఉంది. ఒకే నమ్మకానికి ఇవి రెండు పేర్లు. మనిషి చేతిలో కంటికి కనబడని శక్తి ఉందని, అది పంట పండిస్తుందని ఒప్పుకున్నరోజునే అది పంట చంపుతుందని కూడా ఒప్పుకున్నట్టు. రెండోదానికి అవసరం వచ్చేదాకా మొదటిదాన్ని గౌరవం అంటాం. పోనీలే అని వదిలేసిన చల్లని చెయ్యి కథ ఇప్పుడు మా గేటు ముందు కుంకుమ పెట్టుకుని కూర్చుంది.

ఇంట్లో ఇంకో సంగతి మొదలైంది. మా పాపకి అప్పటికి నెలలే. రోజూ కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి నీళ్ళు పోసేది అత్తగారే. ఒకరోజు నీళ్ళు కాగుతున్నాయి, పీట వేసి ఉంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వే పొయ్యమ్మాయ్."

"నడుం నొప్పా అత్తయ్యా?"

"నొప్పేం లేదు. నువ్వే పొయ్యి."

కుడిచేతిని కొంగు కింద దాచుకుని ఉంది. అప్పుడర్థమైంది నాకు. ఊరు నమ్మడం కాదు, ఆవిడే నమ్మేసింది. ఆ తర్వాత తులసి మొక్కకి నీళ్ళు కూడా ఎడంచేత్తోనే పోసేది. అన్నం తినేటప్పుడు తప్ప ఆ చెయ్యి కొంగులోంచి బయటికి రాలేదు. ఊరినుంచి ఆవిడ్ని కాపాడాలంటే తలుపు వేసుకోవచ్చు. ఆవిడ నుంచి ఆవిడ చేతిని ఎలా కాపాడటం?

కుళ్ళిన దుంప ముక్కొకటి పేపర్లో, ఆ పైన పాలిథిన్ కవర్లో చుట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి బయల్దేరాను. బస్సులో కండక్టర్ ముక్కు మూసుకున్నాడు.

"ఏంటండీ మేడమ్ అది, చేపలా?"

"అరటి దుంపండి."

"అరటి దుంపకి ఇంత కంపేంటండీ. చేపలైనా నయం."

అక్కడ మొక్కల తెగుళ్ళు చూసే శాస్త్రవేత్త నింపాదిగా మాట్లాడే మనిషి. ముక్కని కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, నన్నూ చూడమన్నారు. నాకు కదిలే నలుసులు తప్ప ఏమీ కనబడలేదు. బాక్టీరియా అన్నారు.

"ఇది చెట్టుని ముందు తినదండి, విప్పేస్తుంది. మొక్కలో కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అని ఒక అతుకుంటుంది. గోడలో ఇటుకల మధ్య సున్నం ఉన్నట్టు. ఈ బాక్టీరియా ఎంజైములు వదులుతుంది. అవి ఆ సున్నాన్ని కరిగించేస్తాయి. ఇటుకలు ఇటుకల్లాగే ఉంటాయి, గోడుండదు. అందుకే మీ చెట్టు విరక్కుండా ఊడింది."

"కొబ్బరి డొక్కల గుంట కంపు కొడుతోందండి."

"అక్కడా ఇలాంటి పనేనండి. పీచుని అంటిపెట్టుకున్న పెక్టిన్ కరగాలనే కదా డొక్కలు నానేస్తాం. అక్కడ మనం కావాలని చేయించుకుంటున్నాం. ఇక్కడ అడక్కుండా చేస్తోంది."

ఆయన బల్ల మీద గాజుపళ్ళెంలో బంగాళదుంప చక్రం ఒకటి ఉంది. నిన్న దానిమీద ఈ జాతి బాక్టీరియానే సూదిమొనతో తాకించారట. మధ్యలో జావైపోయింది. పళ్ళెం వంచితే జారుతోంది. కత్తి లేదు, పన్ను లేదు, ఒక గట్టి వస్తువు ఒక్కరోజులో తనని తాను పట్టుకోవడం మానేసింది.

"పిలకలు ఎలా చెక్కుతారండీ? ఒకే కత్తితోనా?" అని అడిగారు.

చెప్పాను. తోట నుంచి తోటకి వెళ్ళే కత్తి సంగతి, అరటాకుతో తుడవడం, నీళ్ళు తగలకపోవడం, నిప్పు చూపించకపోవడం.

"ఒక్కసారి కాలిస్తే పోయేదండి. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళల్లో ముంచినా చాలు" అన్నారు.

తిరుగు బస్సులో నాకు కోపంతో కళ్ళు మండాయి. మామూలు కత్తయితే ఎవరో ఒకరు కడిగి ఉండేవాళ్ళు. కమ్మరి దగ్గరకి వెళ్ళి ఉండేది, కొలిమిలో ఎర్రబడి ఉండేది. పసుపు రాసి గూట్లో పెట్టారు కాబట్టి దానికి మురికి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. పూజ చేసిన వస్తువుని మనం అనుమానించం. ఏ తోటలోనో ఒక్క పిలకలో ఉన్న కుళ్ళుని ఊరి భక్తే పల్లకీలో ఎక్కించి ఊరేగించింది.

ఆ ఆదివారం బావగార్నీ, తోటలు పోయిన మరో ఇద్దరు రైతుల్నీ మా అరుగు మీదికి పిలిచాను. అత్తగారి కత్తితో ఒక కుళ్ళిన దుంపని కోసి, ఎప్పటిలాగే అరటాకుతో తుడిచాం. బావగారు సబ్బుతో చేతులు కడుక్కుని ఆ కత్తితో ఒక బంగాళదుంపని కోశారు. వంటింటి కత్తితో అదే కుళ్ళు దుంపని కోసి, ఆ కత్తిని మాత్రం మరిగే నీళ్ళలో ఉడికించాం. అత్తగారు సబ్బుతో చేతులు కడుక్కుని దాంతో ఇంకో బంగాళదుంపని కోసింది. ఆవిడ్ని ఆ కత్తి పట్టుకోమని ఒప్పించడానికే పొద్దంతా పట్టింది. రెండు ముక్కల్నీ తడిగుడ్డ మీద పెట్టి, విడివిడిగా గిన్నెలు బోర్లించాం.

మర్నాటిదాకా నేను అన్నం తినలేకపోయాను. పుస్తకంలో ఉన్న నిజం మా అరుగు మీద కూడా పనిచేస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? ఆవిడ చేతిలోంచి ఏ నలుసైనా రాలి ఆవిడ ముక్కే కుళ్ళితే? అప్పుడు ఇక నేను ఎంత గొంతు చించుకున్నా వినేవాళ్ళుండరు. సరేనండి మేడమ్ అంటారు, మర్యాదగా వెళ్ళిపోతారు, తర్వాత ఏం జరుగుతుందో నేను ఊహించదలుచుకోలేదు.

గిన్నెలు ఎత్తాం. బావగారి ముక్క జావకారి గుడ్డకి అంటుకుంది. అత్తగారి ముక్క నిన్న కోసినట్టే ఉంది, పైన కాస్త నల్లబడిందంతే.

బావగారు రెండింటినీ చాలాసేపు చూసి తన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. "అంటే ఇప్పుడు చేతబడి చెయ్యి నాదన్నమాట."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఒక రైతు నవ్వాడు. ఇంకొకాయన తల దించుకుని, "అయితే కత్తేనండి, చెయ్యి కాదు" అన్నాడు. వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఆవిడకి దణ్ణం పెట్టారు. సాయంత్రానికి పక్కింటావిడ పెరుగు తోడుకి గిన్నె పట్టుకొచ్చింది. నేను గెలిచాననుకున్నాను.

అత్తగారు అరుగు మీంచి లేవలేదు.

"ఆ కత్తిని తోటతోటకీ మోసుకెళ్ళింది ఎవరమ్మాయ్?"

ఊరు ఊరికే మోపిన నేరాన్ని నేను రుజువుతో సహా ఆవిడ చేతిలో పెట్టాను. చేతబడి అంటే అబద్ధమని ఎక్కడో ఒక మూల ఆశ ఉండేది ఆవిడకి. ఇప్పుడు అదీ లేదు. నిజం చెప్పినందుకు నేను ఇవాళ్టికీ చింతించను, కానీ నిజం చెప్పడంతో నా పని అయిపోయిందనుకోవడం వాదసభల్లో చెల్లుతుంది. ఇంట్లో చెల్లదు.

కత్తి కడగడానికని తెచ్చిపెట్టిన బ్లీచింగ్ పౌడర్ డబ్బా త్వరగా ఖాళీ అవుతోందని గమనించాను. పెరట్లోకి వెళ్ళి చూస్తే ఆవిడ బకెట్లో చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. వేళ్ళ మధ్య చర్మం తెల్లగా ఉబ్బి పొరలు లేస్తోంది. ఆ చెయ్యి పట్టుకుంటే నాకు గాజుపళ్ళెంలోని బంగాళదుంప గుర్తొచ్చింది. డబ్బా దాచేశాను. తర్వాత స్కూల్లో పాఠం చెప్తున్నా నా మనసు ఆ పెరట్లోనే ఉండేది. సెలవు పెట్టాను, అయిపోయాయి. పాపని చూసుకోవడానికి వచ్చే అమ్మాయికి, పాపని కాదు, అత్తయ్యగార్ని చూస్తూ ఉండమని చెప్పి వెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒంటిపూట బడి అయి ఇంటికొస్తే పొయ్యి ముందు కూర్చుని ఉంది. కత్తి పొయ్యిలో ఉంది. పుట్టింటి కత్తి, ఎన్నడూ నిప్పు చూడనిది, మొన దాకా ఎర్రబడింది. మంచిదే, చేయమన్నదే చేస్తోంది అనుకున్నాను. అప్పుడు చూశాను, ఎడంచేత్తో తన కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. కుడి అరచెయ్యి మంట వైపు తెరుచుకుని ఉంది.

బ్యాగు ఎక్కడ పడేశానో తెలీదు. ఆవిడ్ని భుజాలు పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం.

"కత్తికి చాలత్తయ్యా నిప్పు. కత్తికి చాలు."

"కత్తికేం తెలుసమ్మాయ్ అది చేసిన పని. చేతికి తెలుసు."

ఏడవలేదు ఆవిడ. నేనే ఏడ్చాను. అరచేతి మధ్యలో చర్మం కమిలింది, బొబ్బ లేచింది, అంతకన్నా ఏమీ కాలేదు. ఆరోజు నుంచి వంటిల్లు నా అధీనంలోకి తీసుకున్నాను. గ్యాస్ సిలిండర్ తెప్పించి, కట్టెలపొయ్యి తీయించేశాను. అగ్గిపెట్టె నా బ్యాగులో పెట్టుకుని స్కూలుకి వెళ్ళేదాన్ని. నవ్వుతాలుగా ఉంటుంది చెప్తే. అప్పుడు నవ్వు రాలేదు.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ నాట్ల కాలం వచ్చింది. ఎవరూ బొట్టు పెట్టి పిలవడానికి రాలేదు. ఒక ఉదయం బావగారు వచ్చారు. బకెట్, అందులో రెండు కొత్త కత్తులు, ఒక బ్లీచింగ్ పౌడర్ పొట్లం.

"పిన్నిగారూ, పాత చేను ఖాళీగా వదిలేసి వేరే చేలో వేస్తున్నానండి. పిలకలు చెక్కాలి."

"నా చెయ్యి మంచిది కాదురా అబ్బాయ్."

"మీ హస్తవాసి నాకొద్దండి. పోయినేడు దాంతో పడ్డది చాలు. కూలోళ్ళు కండంతా తీసేస్తున్నారండి, దుంప నిమ్మకాయంత మిగులుతోంది. మీకొచ్చినట్టు చెక్కడం ఊళ్ళో ఎవరికీ రాదు. బొట్టు పెట్టనండి, కూలిస్తాను. వస్తారా రారా?"

నాకు కోపం రావాలి. ఆవిడకి ఇంకా రావాలి. కానీ మా అత్తగారి మూతి నవ్వాపుకుంటున్నట్టు ఒక పక్కకి వంగింది.

"ఎంతిస్తావేంటి?"

వెళ్ళింది. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. గట్టున కూర్చుని ప్రతి పిలకనీ ముందు వాసన చూసింది. దుంప అడుగు కోసి, గోధుమరంగు కనిపిస్తే దూరంగా పారేసింది. ఒక పిలక చెక్కి కత్తి బకెట్లో వేసేది, నానుతున్న రెండోది తీసుకునేది. మొదట్లో కత్తి ఎంత వణికిందంటే వేలు తెగుతుందేమోనని నేను చూడలేకపోయాను. మొదటి పిలక మాత్రం బావగారి పాలేరు పాతాడు.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. నేలలో కూడా ఆ బాక్టీరియా ఉండొచ్చని, వానెక్కువైనా వస్తుందని, పురుగు తొలిచినా దారి దొరుకుతుందని శాస్త్రవేత్త ముందే చెప్పారు. ఎంత జాగ్రత్త పడినా కొన్ని పోతాయి. ఆ మాట నేను ఆవిడకి చెప్పాను, ఆవిడ విన్నదో లేదో తెలీదు. స్కూలుకి వెళ్ళే ముందు చేనిదాకా నడిచి, మొక్కల్ని ఒక్కొక్కటిగా తోసి చూసేదాన్ని. నిలబడేవి. మర్నాడు మళ్ళీ తోసేదాన్ని. పాపకి నీళ్ళు పొయ్యడం మాత్రం ఆవిడ మళ్ళీ మొదలుపెట్టలేదు. పాప పెరిగి తనే చెంబెత్తి పోసుకునేదాకా ఆ పని నాదే అయింది.

గట్టి వానలు తగ్గాక ఒకరోజు బావగారి పాలేరు ఇంటికొచ్చాడు. మాట్లాడకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అత్తగారు అప్పటికే చెప్పులేసుకుంటోంది.

చేను మూలకి వెళ్ళాం. ఓ వరస మొక్కలు పసుపెక్కి ఉన్నాయి. బావగారూ, పక్కచేను రైతులూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఆవిడ వైపు సూటిగా చూడలేదు. ఆవిడ ఒక మొక్కని కుడిచేత్తో పట్టుకుని లాగింది. అది ఊడి చేతికొచ్చింది. అదే కంపు. నేను ఆవిడ వెనకే ఉన్నాను, పడిపోతే పట్టుకుందామని.

ఆవిడ పడిపోలేదు. పక్కమొక్కని లాగింది, ఊడింది. ఆ పక్క వరసకి వెళ్ళి అక్కడి మొక్కని లాగింది, రాలేదు. ఇంకో వరస. రాలేదు. వెనక్కొచ్చి వంగి, ఊడిన మొక్క మొదట్లో వేలు గుచ్చింది. వేలు తీసిన చోట నీళ్ళు ఊరాయి. ఆవిడ ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"ఒరే అబ్బాయ్, ఈ మూల నీళ్ళు పోడానికి బోదె తియ్యలేదేంట్రా?"

"తీద్దామనే అనుకున్నానండి పిన్నిగారూ, వానల్లో..."

"వరిమడిలో నీళ్ళు నిలబెట్టినట్టు నిలబెట్టి అరటి బతకమంటే ఎలా బతుకుద్దిరా? ముందు పార పట్టుకురా. ఈ ఊడినవన్నీ తీసి దూరంగా తగలెయ్యి. అమ్మాయ్, నువ్వక్కడ నిలబడి ఏడుస్తావేంటి, ఆ బ్లీచింగు నీళ్ళు పట్టుకురా."